బాపు గట్టిగా చదివిన చరిత్ర

ఈ ఉదయం గుజరాత్‌లో మేముండే ఉధ్నా స్టేషన్ బయట పాత కాగితాల బండి మీద అట్ట ఊడిన తెలుగు చరిత్ర కథల పుస్తకం కనిపించింది. చేతిలోకి తీసుకోగానే ఆ చెమ్మ వాసనకు మా బాపు గుర్తొచ్చాడు.

మరమగ్గాల మధ్య పెరిగిన నా ఈడు వాళ్లకు గుర్తుందా, వారానికోసారి కరెంటు ఆపి మగ్గాలు బంద్ పెట్టే సెలవు రోజు మధ్యాహ్నం ఎంత నిశ్శబ్దంగా ఉండేదో? మగ్గం నడిపే బాపు ఆ రోజు మా ఒంటిగదిలో చాప పరిచి, కోటల కథలు, కరువులో ధాన్యం పంచిన రాణుల కథలు చదివేవాడు. ఏళ్ల తరబడి మగ్గాల మోతలో పనిచేసి చెవులు మందగించడంతో ఆయన మామూలుగా చదివినా అరిచినట్టే ఉండేది.

"గిది నిజంగ జరిగిందా బాపూ?"

"నిజంగనే జరిగింది బిడ్డా. మనసొంటి మనుషులకే జరిగింది."

ఏడో తరగతిలో నా గుజరాతీ స్నేహితురాళ్లు ఇంటికొచ్చి, ఆ గొంతు విని నవ్వారు.

"జర ఆపు బాపూ, ఇజ్జత్ పోతున్నది," అన్నాను.

ఆయన పుస్తకం మూశాడు. మళ్లీ ఎప్పుడూ పైకి చదవలేదు.

గుజరాతీ బడిలో చదివిన నేను పెళ్లయ్యాకే తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. పోయినేడాది మంచం పట్టిన బాపు పక్కన కూర్చుని ఆ కథలే చదవబోయాను. అప్పటికి ఆయన చెవులు దాదాపు పోయాయి, దగ్గరగా అరిస్తేనే వినిపించేది.

"యాడ చదువుతున్నవో వేలు పెట్టి సూపియ్యి బిడ్డా," అన్నాడు.

నా వేలి వెంటే ఆయన కళ్లు కదిలాయి. ఆనాటి మాటకు క్షమించమని అడగాలనుకున్నాను. దాన్ని అరిచి చెప్పడానికి నోరు రాలేదు. వారం తిరక్కుండానే బాపు పోయాడు.