దుబాయి నుంచి వచ్చిన గొంతు

మా అన్న దుబాయికి పోయి పదేళ్లు దాటింది. ఊళ్లో అందరికీ ఆయన ముఖం కన్నా ఫోన్లో వచ్చే గొంతే ఎక్కువ గుర్తు. అందుకే ఒక పొద్దున అందరి ఫోన్లకూ వచ్చిన వాయిస్ మెసేజ్‌లో ఆ గొంతు, "దుప్పట్లు అమ్మెటోడు పిల్లలను ఎత్తుకపోతుండు, ఇడువకుండ్రి" అనగానే వాడకట్టంతా కట్టెలు పట్టింది. దుప్పట్లాయనను మూట మీదే పడేసి కొట్టాం. నేను చెవి మీద కొట్టాను. "నేను కాదు బాంచెన్" అని ఆయన అరుస్తున్నా ఆపలేదు. దుప్పట్లన్నీ రక్తం.

మధ్యాహ్నం అన్న ఫోన్ చేశాడు. "తమ్మీ, నేనేం పంపలే!"

ఎవడో ఏఐతో అన్న గొంతు తయారుచేశాడట. దుప్పట్లాయనకు ఆ చెవి ఇక వినబడదు.

మొన్న కరీంనగర్‌లో ఏఐ చట్టం మీద సభ పెడితే పోయాను. "నిబంధనలు బిగిస్తే కొత్త ఆవిష్కరణలు ఆగిపోతాయి" అన్నాడు వేదిక మీది అధికారి. నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాను.

"ఆపుమంటలేను సారూ. పత్తికి కొట్టే మందును గూడ పరీక్ష చేసినంకనే అమ్మనిస్తరు. డబ్బా మీద పుర్రె బొమ్మ ఏస్తరు. ఎవడో ఏఐతోని మా అన్న గొంతు చేసి పంపితే ఒకాయన చెవి పోయింది. గా గొంతు మీద ఏమున్నది?"

అధికారి మెత్తగా అడిగాడు: "బాధితులు మీరేనా?"

"కాదు సారూ. కొట్టినోణ్ని."