కళ్లద్దాల బావ, ఎర్ర కారు, పట్టేసిన బ్రేకులు

మా బావకి కళ్లద్దాల దుకాణం ఉంది. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా "ఈ వరస చదవండి, ఇప్పుడు దాని కింది వరస" అంటూ వచ్చినవాళ్ల చూపు సరిచేస్తుంటాడు. ఆయన దగ్గరికొచ్చేసరికి మాత్రం మా ఇంటిల్లిపాదీ ఇరవై ఆరేళ్లుగా చూపు ఆననట్టు నటిస్తున్నాం.

ఇంట్లో మా అక్క బావకంటే ఒక అంగుళం పొడుగు. గడప దాటితే బావే అక్క కంటే ఒక అంగుళం పొడుగు. ఒకసారి వాళ్లింటి వరండాలో నావే అనుకుని ఆయన బూట్లలో కాళ్లు పెట్టాను. మేడమెట్టు ఎక్కినట్టయింది. మడమ కింద ఏదో దిమ్మ! గబుక్కున దిగిపోయాను గానీ, కిటికీలోంచి అక్క చూడనే చూసింది.

"ఏం చూశావురా?"

"ఏమీ చూళ్లేదక్కా."

"అలాగే ఉండు. ఈ మాట ఎవడి నోట్లోంచి వచ్చినా, వాడు మళ్లీ నా గుమ్మం తొక్కక్కర్లేదు."

నాకు ఆ గుమ్మంతో చాలా పనులున్నాయి. నోరు మూసుకున్నాను.

ఇక కారు సంగతి. ఇద్దరంటే ఇద్దరే పట్టే పాత ఎర్ర స్పోర్ట్స్ కారు. నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది. వయసులో నాకంటే పెద్దది, ముస్తాబులో మా అక్క కంటే ముందుంటుంది. ఏటా ఒక ఆదివారం పాత కార్ల క్లబ్బు వాళ్లంతా పన్నెండు కిలోమీటర్లు వరసగా నడుపుకుంటూ ఊరి చివర మైదానానికి చేరతారు. కిందటేడు నాలుగో కిలోమీటరులో బావ కారు చక్రాలు బిగుసుకుపోయి, కాలిన వాసన కొట్టి, నడిరోడ్డు మీద నిలబడిపోయింది. అంతసేపూ అద్దం ముందు నిలబడి తయారైన మా అక్క, చెత్త లారీ డ్రైవరు పక్కన కూర్చుని ఇల్లు చేరింది.

"ఈ ఏడు కూడా ఆగిందంటే, సోమవారం పొద్దున్నే ఇది పళ్ల డాక్టరుగారింట్లో ఉంటుందండీ," అంది. మా అక్క అరిచి చెప్పిన మాటలు మర్చిపోతుంది. ఇది నెమ్మదిగా చెప్పింది.

పళ్ల డాక్టరంటే, కిందటేటి ఆ ఆదివారానికి రెణ్ణెల్ల ముందు క్లబ్బులో చేరిన ఆరడుగుల రెండంగుళాల మనిషి. ఆ కారులో కూర్చుంటే మోకాళ్లు చెవులకి తగులుతాయి. అయినా దాని మీద మనసు పడ్డాడు. కనబడినప్పుడల్లా పై నుంచి వంగి, "ఎలా ఉంది మన కారు?" అనేవాడు. ఆ 'మన' వినగానే బావకి ఒళ్లు మండేది. డాక్టరు చేరిన నెలలోనే బావ కొత్త బూట్లు కొన్నాడు. అడుగు మందం, అంచు వెడల్పు. ఇంట్లో ఎవరమూ వాటిని చూళ్లేదు.

కారుని బ్రేకుల బాబాయ్ దగ్గర పెట్టాడు. నలభై ఏళ్లుగా బ్రేకులు తప్ప ఇంకోటి ముట్టని పెద్దాయన. ముందు చక్రాల పిస్టన్లు తుప్పుపట్టి ఉంటాయని విప్పి శుభ్రం చేశాడు. తనే రబ్బరు చెప్పులతో మైదానం దాకా నడిపి, దిగి, చక్రాల మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉన్నాయి. బావ తీసుకెళ్లాడు. నాలుగో కిలోమీటరులో పట్టేశాయి. పాత రబ్బరు గొట్టాలు లోపల ఉబ్బి ఆయిల్ని వెనక్కి రానివ్వట్లేదేమోనని అవి మార్చాడు. బాబాయ్ నడిపితే చల్లన, బావ నడిపితే పొగ. మాస్టర్ సిలిండరు మార్చాడు. మళ్లీ అంతే! పావుగంట ఆరనిస్తే, ఏమీ ఎరగనట్టు దొర్లేది.

"దీనికి నేనంటే పడదు బాబాయ్," అన్నాడు బావ దిగాలుగా.

"కారుకి మనుషులతో పేచీలుండవు బాబూ," అన్నాడాయన. శనివారం నన్ను పిలిచాడు. "నువ్వు స్కూటరు మీద వెనకే వెళ్లు. ఆ ఎర్ర లైట్లు బ్రేకు తొక్కితేనే వెలుగుతాయి. ఎప్పుడు వెలుగుతున్నాయో చూసిరా."

వెళ్లాను. బావ బయల్దేరగానే వెలిగాయి. ఎత్తులో వెలిగాయి, పల్లంలో వెలిగాయి. నాలుగో కిలోమీటరులో ఆగేదాకా ఆరితే ఒట్టు.

విషయం చెప్పగానే బాబాయ్ కారులోకి తల దూర్చాడు. బ్రేకు పెడల్ కుడి అంచుని వేలితో తుడిచాడు. వేలికి గోధుమరంగు పాలిష్ అంటింది. ఆయన చూపు వేలి మీంచి బావ బూట్ల మీదికి నడిచింది. నేను మబ్బులు చూశాను.

"ఎక్కండి బాబూ. ఎక్సిలేటరు తొక్కండి."

బావ తొక్కాడు. బూటు అంచు వెళ్లి పక్కనున్న బ్రేకు పెడల్ మీద పడుకుంది. పాత కారు కదా, పెడళ్లు ఇరుకు. బండి బరువెక్కిందనుకుని ఈయన ఇంకా తొక్కడం, తొక్కినకొద్దీ బ్రేకు ఇంకా నొక్కుకోవడం, ఆయిల్ కాగి అసలుకే బిగుసుకోవడం!

"బ్రేకులు బంగారం బాబూ. జబ్బు బూటుకి. ఓసారి విప్పండి."

"వద్దులే బాబాయ్."

విప్పించాడు. లోపల చెయ్యి పెట్టి, దిమ్మ తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. "ఇదేంటి?"

"నడుం నొప్పికి. డాక్టరు పెట్టుకోమన్నాడు."

"ఏ డాక్టరు?"

"పళ్ల డాక్టరు," అనేశాడు బావ కంగారులో.

బాబాయ్ దగ్గొచ్చినట్టు అటు తిరిగాడు. దగ్గు చాలాసేపు తగ్గలేదు.

బావ పాత టైరు మీద కూలబడ్డాడు. "ఒరేయ్, నేను పొట్టిగా ఉంటానా?"

"నేనెప్పుడూ కొలవలేదు బావా."

"మెత్తటి చెప్పులేసుకుని నడపండి. లేదా ఒట్టి కాళ్లతో," అన్నాడు బాబాయ్. "దిగేటప్పుడు మీ ఇష్టం."

దిగడమే కదా అసలు గొడవ! అక్కడ క్లబ్బంతా ఉంటుంది, ఫొటోగ్రాఫరుంటాడు, ఆ తాడిచెట్టు డాక్టరుంటాడు. కారు కావాలంటే రెండంగుళాలు వదలాలి. రెండంగుళాలు కావాలంటే కారు వదలాలి. ఆ సాయంత్రమంతా బావ బూట్లు తుడిచాడు, కారు తుడిచాడు, మళ్లీ బూట్లు తుడిచాడు.

ఆదివారం బూట్లు డిక్కీలో పెట్టి, ఒట్టి కాళ్లతో ఎక్కాడు. పక్కనే కూర్చున్న అక్క ఆ కాళ్లు చూసింది. "ఎండ బాగుంది కదండీ," అంది.

వెనక స్కూటరు మీద నేను. ఎర్ర లైట్లు ఆరి ఉన్నాయి. నాలుగో కిలోమీటరు దాటుతుంటే కారులోంచి ఒక చెయ్యి పైకి లేచింది. అది అక్కది.

మైదానంలో డాక్టరు ఎదురొచ్చాడు. "ఏమిటీ, ఎక్కడా ఆగలేదా మన కారు?"

అంతే! బావ తలుపు తీసుకుని ఒక్క దూకు దూకాడు. "ఆగడమా? రండి, చెయ్యి పెట్టి చూడండి! మంచులా ఉంది!" డాక్టరు చెయ్యి పట్టి లాక్కెళ్లి ఒక చక్రం ముట్టించాడు, రెండోది ముట్టించాడు. ఫొటోగ్రాఫరుతో ముట్టించాడు. దారినపోయే పెద్దావిడ ఎవరో వద్దంటున్నా ముట్టించాడు. డిక్కీ సంగతి ఆయనకి గుర్తుకురాలేదు.

గుర్తొచ్చింది ఫొటో చేతికొచ్చాకే. అందులో ఒట్టి కాళ్లతో, అక్క కంటే అంగుళం కింద, ముప్పై రెండు పళ్లూ కనబడేలా నవ్వుతున్నాడు. చాలాసేపు చూశాడు. మేమంతా తలో దిక్కూ చూశాం.

"చక్రాలు బాగా పడ్డాయి," అన్నాడు చివరికి.

ఆ ఫొటో ఇప్పుడు దుకాణంలోనే ఉంది. కాకపోతే మేకు దగ్గర చాలా గొడవ చేశాడు. నేను గుర్తు పెట్టినచోట వద్దని, ఇంకో రెండంగుళాలు పైకి కొట్టించాడు.