మా అత్త చెప్పిన నా నొప్పులు

నాకు ఒళ్ళు నొప్పులు మొదలై అప్పటికి మూడేళ్ళు. పొద్దున లేస్తే రాత్రంతా ఎవరో చితకబాదినట్టు ఉండేది. మెడ, భుజాలు, నడుము, మోకాళ్ళు... ఈ రోజు ఇక్కడైతే రేపు అక్కడ. నరసరావుపేటలో ఎముకల డాక్టరు, నరాల డాక్టరు అందరూ అయ్యారు. పరీక్షలన్నీ నార్మల్. ఆ మాట విన్నప్పుడల్లా ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకునేవారు, నాకేమో ఏడుపొచ్చేది. ఏదో ఒక జబ్బు బయటపడితే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నేనేమో.

మాది కారంపూడి దగ్గర ఊరు. మిరప కోతలప్పుడు కూలీల వెంట ఉండాల్సింది కోడలే. నేను గట్టు మీద కూలబడితే మా అత్త చూసీ చూడనట్టు వెళ్ళిపోయేది. "రిపోర్టులన్నీ బాగుంటే ఇంక నొప్పి ఎక్కడిదే?" అని ఒకసారి అననే అన్నది. ఆ మాట నేను మరిచిపోలేదు. ఊళ్ళో ఆర్‌ఎంపీని పిలిపించి నాకు సెలైన్ పెట్టించడం మాత్రం ఆమె మానలేదు. మా వైపు ఏ జబ్బుకైనా ముందు సెలైనే. అది ఎక్కినంతసేపూ పడుకోవచ్చు కదా అని నేనూ వద్దనలేదు.

చివరికి ఎముకల డాక్టరే దీన్ని ఫైబ్రోమయాల్జియా అంటారని చెప్పి, సైకియాట్రిస్టుకు చూపించమని చీటీ రాశారు. నాకు ఒళ్ళు మండింది. అంటే నాది నొప్పి కాదు, పిచ్చి అన్నమాట! మా ఆయన ఆ చీటీ జేబులో పెట్టుకుని, ఇంటికి రాగానే అత్త చేతికిచ్చాడు.

ఇంట్లో భయం ఇంకొకటి. మా అత్త వార్డు మెంబరు. మళ్ళీ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. కోడల్ని పిచ్చి డాక్టరుకు చూపిస్తున్నారని తెలిస్తే అవతలివాళ్ళు ఇల్లిల్లూ తిరిగి చెబుతారు. ఇక వెళ్ళడం జరగదులే అనుకున్నాను. మూడో రోజు పొద్దున్నే అత్త మంచి చీర కట్టుకుని నా ముందు నిలబడింది.

"పద. ఓపీ చీటీ నా పేరున రాపిద్దాం. నువ్వు నాకు తోడొచ్చినట్టు కూర్చో. నాకు పిచ్చంటే ఊళ్ళో ఎవురు నమ్ముతారు?"

నరసరావుపేట ఆసుపత్రిలో ఆ సైకియాట్రిస్టు డాక్టరమ్మ గదికి తలుపు లేదు, కర్టెన్ ఒక్కటే. దానికి అవతల బెంచీ మీద మా పక్క ఊరావిడ కూర్చుని ఉంది. అత్త ఆమెను చూసింది. అందుకే "చెప్పండమ్మా, ఏమిటి ఇబ్బంది?" అని డాక్టరమ్మ అడగ్గానే తనే పేషెంటై మొదలుపెట్టింది.

"ఒళ్ళంతా నొప్పులమ్మా. తెల్లారి మంచం దిగాలంటే గోడ పట్టుకోవాల. చేతులు పైకి లేవక జడేసుకోలేను. రాత్రంతా పడుకున్నా నిద్రపోయినట్టుండదు. ఎవురన్నా రెక్క పట్టుకుంటే పానం పోద్ది. కూరలో ఉప్పేశానో లేదో గుర్తుండదు. బాత్రూములో పంపు తిప్పి ఏడుస్తా, బయటికి ఇనపడకుండా."

వీటిలో సగం నేనెవరికీ చెప్పుకోలేదు. పంపు సంగతి మా ఆయనకు కూడా తెలియదు. దొంగ నొప్పులనుకుంటోందని మూడేళ్ళుగా ఈ మనిషి మీద లోపల్లోపల కోపం పెంచుకున్నాను. ఆమె మాత్రం ఒక్కటీ వదలకుండా అన్నీ గమనించింది.

డాక్టరమ్మ లేచి అత్త మెడ కింద, భుజాల మీద వేలితో నొక్కి చూశారు. అత్త కిక్కురుమనలేదు. పైగా "ఇంకాస్త కిందకి నొక్కమ్మా, హాయిగా ఉంది" అన్నది. డాక్టరమ్మ నవ్వాపుకుని, నా ముఖం చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"ఈ నొప్పులు ఎవరివి?"

"నావి" అన్నాను. ఆ మాటతోపాటే ఏడుపు తన్నుకొచ్చింది.

అత్త కూడా గొంతు తగ్గించింది. "స్కానింగులో ఏమీ లేదన్నారు గదమ్మా. నిజం నొప్పేనంటావా ఇది?"

"నిజం నొప్పేనమ్మా. నొప్పిని అందుకునే నరాలూ మెదడూ ఈమెకు అతిగా పనిచేస్తున్నాయి. అది స్కానింగులో కనిపించదు. నిద్ర చాలకపోయినా, దిగులు పెట్టుకున్నా ఇంకా ఎక్కువవుతుంది. నేను చూసేది వాటిని, పిచ్చిని కాదు. దిగులుకిచ్చే మందే ఈ నొప్పికీ పనిచేస్తుంది. మందుల షాపులో ఎవరో ఏదో అన్నారని మానేయొద్దు."

రోజూ కాసేపు నడవమన్నారు. పొలంలో మధ్యమధ్య కూర్చోమన్నారు. నెలకోసారి వచ్చి మనసులో ఉన్నది మాట్లాడమన్నారు. మొత్తం పోతుందని మాటివ్వలేను గానీ తగ్గుతుందన్నారు. మందు నోట్లో వేసుకోకముందే నాకు సగం భారం దిగిపోయింది. తిరుగు బస్సులో అత్త భుజం మీద తల పెట్టి కారంపూడి దాకా నిద్రపోయాను.

అన్నట్టుగానే నొప్పి మొత్తం పోలేదు. కోతల రోజుల్లో ఇప్పటికీ సతాయిస్తుంది. కానీ నిద్ర పడుతోంది, లేస్తే లేచినట్టు ఉంటోంది.

ఎన్నికలు రానే వచ్చాయి. ఓట్లడగడానికి అత్త వెంట నేనూ తిరిగాను. ఒకింటి ముందు నలుగురిలో ఒకామె అననే అన్నది. "ఏంది వదినా, పేటలో మెంటల్ డాక్టరు దగ్గర చూపిచ్చుకుంటన్నావంట?"

అందరూ మా వైపు తిరిగారు. ఔను, నాకేనని అత్త నవ్వుతూ ఒక్క మాటంటే ఎవరూ నమ్మేవారు కాదు, గండం గడిచేది.

"నాకు కాదు, మా కోడలికి" అన్నది అత్త. "మూడేళ్ళు చానా అవస్థ పడ్డది. నేనే నమ్మలా. ఆడికి పోయినాకే తగ్గింది. మీ ఇంట్లో ఎవురికన్నా ఇట్టాంటి నొప్పులుంటే చెప్పండి, నేనే తీసుకుపోతా."

తర్వాతి ఇంట్లో ఎవరూ అడగకుండానే మళ్ళీ ఇదంతా చెప్పింది. నేను ఆమె పక్కనే నిలబడ్డాను.