సుల్తానా మేడమ్ ఆగమన్న ఎనిమిది వారాలు

ఈ ఉదయం ల్యాబ్‌లో స్లైడ్ల తయారీకి వాడే జైలీన్ సీసా మూత తీయగానే, ఆ ఘాటు వాసనతో పాటు సుల్తానా మేడమ్ గుర్తొచ్చారు. విశాఖ వన్‌టౌన్‌లో దర్జీల ఇంట పుట్టి, కిడ్నీ ముక్కలను మైక్రోస్కోపులో చదివే పెథాలజిస్టు అయిన మనిషి. ఆవిడ దగ్గర నేను పని నేర్చుకున్నది మూడేళ్లే.

నేను చేరిన ఏడాది జాలరిపేట నుంచి నూకరత్నం అనే చేపలమ్మే ఆమె వార్డుకు వచ్చింది. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పట్టింది. రెండు వారాలకు ముఖం ఉబ్బి, మూత్రం డికాషన్ రంగుకు తిరిగింది. ఆమె కిడ్నీ ముక్కకు మెరిసే రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెడితే, రక్తాన్ని వడపోసే చోటల్లా ఆకుపచ్చగా మెరిసే చుక్కలు. నా చదువంతా చూపించుకోవాలని, వరండాలో తోటి డాక్టరుతో "ఈ కిడ్నీలు ఇక డయాలసిస్‌కే" అనేశాను. వెనక బల్ల మీద నూకరత్నం కూర్చుని ఉందని చూసుకోలేదు. మధ్యాహ్నానికి ఆమె సంచి సర్దేసుకుంది.

సంగతి తెలిసి మేడమ్ నన్ను వెంటబెట్టుకుని ఆమె మంచం దగ్గరికి వెళ్లారు.

"ఎక్కడికమ్మా?"

"ఇంటికి పోతన్నానమ్మా. ఎలాగూ పోయేదానికి ఇక్కడేటి పని? పిల్లల దగ్గరే ఉంటాను."

మేడమ్ మంచం అంచున కూర్చున్నారు. "మన ఒంట్లో పుట్టుకతోనే ఒక కాపలా ఉంటుంది. నీ పుండులోని క్రిముల మీద అది విరుచుకుపడింది. ఆ ఊపులో కిడ్నీకీ దెబ్బ తగిలింది. పుండు మానితే అదీ నెమ్మదిస్తుంది. అందరికీ బాగవుతుందని చెప్పను, చాలామందికి అవుతుంది. మందులు వాడు, ఉప్పు తగ్గించు. ఎనిమిది వారాలాగి రక్తం మళ్లీ చూద్దాం."

"ఉప్పుసేప కూడా తినకూడదేటి?"

"ముందు మానాల్సింది అదే!"

నూకరత్నం నవ్వింది. సంచి మంచం కిందికి తోసేసింది.

బయటికొచ్చాక మేడమ్ నాతో నెమ్మదిగానే అన్నారు. "ఆ చుక్కలు సీ-త్రీ, ఆ కాపలా ఆయుధంగా వాడే ప్రోటీను. అది అక్కడుందని స్లైడు చెప్పింది. ఎప్పటిదాకా ఉంటుందో చెప్పలేదు. స్లైడు చెప్పనిది నువ్వెలా చెప్పావు?"



నూకరత్నం వాపు రెండు వారాల్లో దిగింది. కిడ్నీలో చేరి రక్తంలో తగ్గిపోయిన సీ-త్రీ మాత్రం త్వరగా పెరగలేదు. ఎనిమిది వారాలకూ పెరగకపోతే అది వేరే మొండి జబ్బన్నమాట. ప్రతి రిపోర్టూ ముందు ఆ అంకె కోసమే విప్పేవాణ్ణి. ఎనిమిదో వారం అంకె మామూలుకొచ్చింది. కాగితం పట్టుకుని మేడమ్ గదికి పరుగెత్తాను.

"నాకెందుకు? ముందు ఆమెకు చెప్పు," అన్నారు.

చెప్పాను. ఆనాటి మాటకు క్షమించమనీ అడిగాను. నూకరత్నం నా చెయ్యి పట్టుకుంది. "ఆ రోజు నీ మాటకి నా గుండె ఆగిపోనాది బాబూ. ఇయాలే మళ్లీ కొట్టుకుంటంది."

ఇప్పుడు నా దగ్గరా కుర్రడాక్టర్లు పని నేర్చుకుంటున్నారు. స్లైడు చూసీ చూడగానే "జబ్బు తేలిపోయినట్టే కదా సార్?" అంటారు. నేను కుర్చీ వెనక్కి జరిపి లేస్తాను.

"ఇంకా లేదు. పదండి, ముందు ఆ మనిషిని చూసొద్దాం."