పదిహేడో పేజీ చుక్క

“...ఇది చదివేశానంటే వినవేమయ్యా ట్రాంటర్? లోర్నా వేల్ నవల ఒక్కటీ వదల్లేదు నేను.”

“చదివుంటే పదిహేడో పేజీ కింద మీ పెన్సిల్ చుక్క ఉండాలి కదా, కోబ్లీ గారూ. ఏదీ, చూపించండి. సోమవారమే లండన్ నుంచి దిగిన పుస్తకం. కొంపదీసి ఆవిడ మీకు కల్లోకొచ్చి చదివి వినిపించిందా?”

స్కార్‌బరోలో ట్రాంటర్ నడిపే ఆ అద్దె పుస్తకాల కొట్టుకు వచ్చే ఆడవాళ్లకు తలా ఒక గుర్తు ఉండేది. చదివిన పుస్తకంలో ఆ గుర్తు వేసుకోకపోతే చదివిందే మళ్లీ పట్టుకుపోతారు. సిరాబుడ్డి కోసం వచ్చిన ఈనిడ్ గార్‌స్టాంగ్‌కు ఆ గుర్తులు చూస్తే లోలోపల గర్వం. లోర్నా వేల్ అన్నది ఆమె కలంపేరే. ఇరవై రెండేళ్లలో ముప్పై ఒక్క నవలలు రాసింది. ఆ సంగతి ఊళ్లో తెలిసింది ఆమెతో ఒకే ఇంట్లో ఉండే స్నేహితురాలు మాడ్‌కు మాత్రమే. ఈనిడ్ చేత్తో రాస్తే మాడ్ టైపు చేసి ప్రచురణకర్తకు పంపేది.

అయితే నిరుడు నిమోనియాతో మంచాన పడ్డాక ఈనిడ్ ఒక్క పేజీ కూడా రాయలేదు.

ఆ కొత్త పుస్తకం అందుకుని కొట్లోనే నిలబడి చదివింది. మూడో అధ్యాయంలో యార్క్ స్టేషను. ఒళ్లో టోపీ పెట్టెతో, పొద్దున్నుంచి ఏడు రైళ్లు చూసిన పిల్ల. ఈనిడ్‌కు ఇరవయ్యో ఏట జరిగిందది; పెళ్లాడతానన్న పెర్సీ ఏ రైల్లోనూ రాలేదు. జ్వరంలో ఒక్క మాడ్‌తోనే చెప్పుకుంది. చివరి పేజీ తిప్పింది. పుస్తకంలో మాత్రం ఎనిమిదో రైల్లో అతను దిగాడు.

ఇంటికి వచ్చేసరికి మాడ్ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. ఈనిడ్ చేతిలో పుస్తకం చూసి కత్తి ఆపింది.

“జనం నీ పేరు మర్చిపోతారని రాశానే. ప్రచురణకర్తేమో నెలనెలా ఉత్తరాలు. నువ్వేమో లేవలేకపోతివి.”

“ఒప్పందం మీద నా సంతకం ఎవరు పెట్టారు?”

“నీ సంతకం నాకంటే బాగా ఎవరికొచ్చు?”

“పెర్సీని రైలు దింపమని ఎవరు చెప్పారు నీకు?”

“పెళ్లికొడుకు రాకపోతే లోర్నా వేల్‌ని ఎవరు చదువుతారే? ముప్పై ఒక్కసార్లు నువ్వు దింపావు. నేను ఒక్కసారి దింపితే తప్పయిందా?”

ఈనిడ్ ముందుగదిలోకి వెళ్లి, మాడ్ బల్ల మీది టైపు మిషను రెండు చేతులా ఎత్తి, మేడ మీది తన గదిలోకి మోసుకుపోయింది. మెట్లు ఎక్కాక ఆయాసం తీర్చుకుని మళ్లీ దిగొచ్చింది.

“వచ్చే పుస్తకం నా సొంత పేరుతో వస్తుంది,” అంది. “అందులో అతను రాడు. టైపు నేనే చేసుకుంటాను.”