పెద్దాయన పట్టిన బియ్యప్పిండి

పిండిమర పెద్దాయన ముప్పై ఎనిమిదేళ్ళపాటు ఒక్క పొద్దు కూడా తప్పకుండా చేసిన పని ఒకటుంది. మర తలుపు తీసి, చెప్పులు గడప బయట విడిచి, స్విచ్చు వేసేముందు తన ఇంటి బియ్యం ఒక పిడికెడు తొట్టిలో పోసేవాడు. కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకునేవాడు. రాళ్ళు తిరిగి, ఆ పిడికెడూ పిండై కింద గుడ్డ గొట్టంలోంచి రాలితే, దాన్ని విడిగా తీసి గోడవారన చీమలకు వేసేవాడు. నిన్నటి గింజ ఇవాళ్టి పిండిలో కలవకూడదని ఆయన ఏర్పాటు. పగలు కూడా ఒకరి గోధుమల తర్వాత ఇంకొకరి జొన్నలు పట్టాలంటే, మధ్యలో ఒక పిడికెడు తన గింజ పడాల్సిందే. ఆ వీధిలో ఎవర్నడిగినా, పెద్దాయన మరలో పట్టిస్తే ఎవరి పిండి వాళ్ళదే అనేవాళ్ళు. ఆ మాటకి ఆయన పైకి తల అడ్డంగా ఊపేవాడు గానీ లోపల పొంగిపోయేవాడు.

కనుబొమ్మల నిండా పిండే. క్షురకుడైతే, నీ జుట్టు నెరిసిందో పిండి పడిందో తేలక నా కత్తెర ఆడటం లేదు పెద్దాయనా అని ఏడిపించేవాడు. చేతిసంచీతో ముసలివాళ్ళెవరైనా వస్తే వరస తప్పించి ముందు వాళ్ళది పట్టి, సంచీ రోడ్డు దాటించి వచ్చేవాడు. ఎవరైనా సణిగితే, మీకూ ఆ వయసు వస్తుంది, అప్పుడు నేనుండను, ఇప్పుడే చూసి నేర్చుకోండి అని నవ్వేవాడు.

అలాంటి ఇంట్లో పుట్టిన మనవరాలికి గోధుమ పడలేదు.

చిట్టికి ఏడాది నిండాక పొట్ట ఉబ్బడం, తిన్నది నిలవకపోవడం, కాళ్ళూ చేతులూ పుల్లల్లా అవడం మొదలైంది. ఎన్ని మందులు వాడినా ఫలితం లేక, చివరికి పెద్దాసుపత్రిలో పరీక్షలు చేసి, గోధుమలో గ్లూటెన్ అనేదొకటి ఉంటుందనీ, అది ఈ పిల్ల పేగుకి విషమనీ, చిటికెడు కూడా తగలకూడదనీ డాక్టరు చెప్పాడు. పెద్దాయన ఆ రోజంతా తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

కోడలు పోస్టాఫీసులో పనిచేసేది. ఉత్తరం మీద చిరునామా సరిగ్గా లేకపోతే రాసినవాళ్ళింటికి వెళ్ళి దిద్దించుకొచ్చే మనిషి. ఇంట్లో పెనం, గరిటె, డబ్బా అన్నీ మార్చేసింది. పెద్దాయన సాయంత్రం పెరటి తలుపు దగ్గరే మర బట్టలు విప్పి, స్నానం చేసి లోపలికి రావాలి. ఆ మాట చెప్పడానికి ఆమె రెండు రోజులు తటపటాయించింది. చెప్పాక మాత్రం ఆయన వచ్చే వేళకి వేడినీళ్ళ బకెట్టు, మడత పెట్టిన బట్టలు అక్కడ లేని రోజు లేదు. తలుపుకి అవతల చిట్టి రెండు చేతులతో బాదుతూ తాతా, తాతా అని పిలుస్తుంటే, ఇవతల ఆయన ఒళ్ళు రుద్దుకుంటూ, వస్తున్నా తల్లీ, తలుపు విరగ్గొట్టకు అనేవాడు.

ఒక్కటే ఆయన మనసుకి ముల్లయింది. పిల్ల బియ్యప్పిండి కూడా కోడలు సీలు వేసిన ప్యాకెట్లలోదే కొనేది. మన మర పిండి వద్దు మావయ్యా, ఏమీ అనుకోకండి అంది. నేనేమనుకుంటానమ్మా అన్నాడు. కానీ అనుకున్నాడు. ఊరందరికీ మంచి పిండి పట్టిన చేయి, మనవరాలికి పనికిరాకుండా పోయిందా అని రోజూ అనుకున్నాడు.

ఎనిమిది నెలలకి చిట్టి బుగ్గలు తేరాయి. బస్సు డ్రైవరైన కొడుక్కి సెలవు దొరికింది. సముద్రం ఒడ్డున ఉన్న నగరానికి నాలుగు రోజులు వెళ్ళొద్దామన్నారు. కోడలు పది చోట్లకి ఫోన్ చేసి, పాప తిండి సంగతి చెబితే విసుక్కోకుండా విన్న ఒకే ఒక్క లాడ్జి ఖాయం చేసింది. విన్నది అక్కడి వంటావిడ. పిండి మీరే తెచ్చుకోండమ్మా, పెనం నేను కొత్తది తీసిపెడతాను అందట. కోడలు ప్యాకెట్లు విప్పి స్టీలు డబ్బా నింపి, మూత మీద చిట్టి పేరు రాసి అతికించింది.

బయలుదేరే ముందురోజు పెద్దాయన ఆ డబ్బా మూత తీసి వాసన చూశాడు. ఎప్పుడో పట్టిన పిండి, ప్రాణం లేని వాసన. మనసు ఊరుకోలేదు. మంచి బియ్యం కడిగి ఆరబెట్టి, మరకి పట్టుకెళ్ళాడు. ఒకటి కాదు, ఏడు పిడికిళ్ళు తొట్టిలో పోసి అవతల పారేశాకే పిల్ల బియ్యం పోశాడు. పూలరెక్కల్లా రాలింది పిండి. డబ్బాలోది తీసేసి, తనది నింపి, మూత పెట్టేశాడు. ఎవరికీ చెప్పలేదు. తిని బాగుందన్నాక చెబుదామనుకున్నాడు.

లాడ్జిలో వాళ్ళ గది కిటికీలోంచి, రెండు మేడల మధ్య చీర అంచంత సముద్రం కనబడేది. వంటావిడ యాభై దాటిన మనిషి. కొత్త పెనం పిడికి ఎర్ర దారం కట్టి, ఇది పాపది, ఇంకెవరూ ముట్టరు అని చూపించింది. సాయంత్రం ఒడ్డున చిట్టి అలల మీదికి వేలు చూపించి పో, పో అని గదమాయించింది. అల వెనక్కి పోతే, తన మాట విన్నదని చప్పట్లు కొట్టింది. ఆ ఆకలి మీద, డబ్బా పిండితో వంటావిడ కాల్చిన రొట్టెలు రెండు తింది.

కోడలు ఆశ్చర్యపోయింది. "ఈసారి ప్యాకెట్టు పిండి బాగుంది మావయ్యా, ఎంత మెత్తగా వచ్చాయో."

పెద్దాయన మీసాల్లో నవ్వుకున్నాడు. రేపు చెబుదాంలే అనుకున్నాడు.

తెల్లారేసరికి చిట్టి వాంతులు. పొట్ట బిగిసిపోయింది. ఎత్తుకుంటే ఏడుపు, దించితే ఏడుపు. దగ్గర్లోని డాక్టరు చూసి, గోధుమ ఎక్కడో తగిలింది, ఎక్కడో వెతుక్కోండి అన్నాడు. కోడలు తిన్నగా వంటగదిలోకి వెళ్ళింది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఆ రోజు అనరాని మాటలు అంది. నమ్మించి నా పిల్ల నోట్లో మట్టి కొట్టావు అంది. యజమాని వచ్చాడు.

పెద్దాయన మెట్ల మీద నిలబడి ఉన్నాడు. వంటావిడ రెండు చేతులూ ముందుకి చాపి, తిప్పి తిప్పి చూసుకుంది.

"సబ్బుతో కడిగానమ్మా, రెండుసార్లు కడిగాను. నిన్న పొద్దున్న వేరేవాళ్ళకి గోధుమపిండి కలిపాను, అది నిజం. గోళ్ళ సందుల్లో ఏమైనా మిగిలిందేమో."

సందుల్లో మిగిలిందేమో అన్న ఆ మాటతో పెద్దాయనకి తన మర గుర్తొచ్చింది. మర రాళ్ళకి గాట్లు ఉంటాయి. అరిగినప్పుడల్లా ఊడదీసి ఉలితో కొత్త గాట్లు కొట్టేది ఆయనే. ఊడదీసిన ప్రతిసారీ ఆ గాట్లలో పాత గోధుమపిండి గట్టిపడి గారలా కనబడేది. ఉలి మొనతో గీకితే గానీ వచ్చేది కాదు. ఏడు పిడికిళ్ళు కాదు, ఏడు బస్తాలు పోసినా అది కదలదు. లోకంలో ఆ సంగతి తెలియనివాళ్ళు చాలామంది ఉంటారు. తనకి తెలుసు. తెలిసీ, ఆ సంగతి మనసుకి రానివ్వలేదు.

నోరు తెరిచాడు. కోడలి ముఖం చూశాడు. ఆ ముఖం తన వైపు తిరిగితే ఎలా ఉంటుందోనని వెనకాడాడు. అంతలో యజమాని ఆవిణ్ణి ఇక పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దనేశాడు. మాట ఆగిపోయింది.

ఇక బయటి చేతులు వద్దని, గదిలోనే చిన్న పొయ్యి పెట్టి తానే వండుతానంది కోడలు. ఆ డబ్బా పిండితోనే. పెద్దాయన డబ్బా చంకన పెట్టుకుని ఒడ్డుకి వెళ్ళి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, మొత్తం బోర్లించేశాడు. తెల్లగా తేలిన పిండిని అల ఒక్కసారి మింగేసింది. చెయ్యి జారి పడిపోయిందని వచ్చి చెప్పాడు. ఇదేం పని నాన్నా, ఇప్పుడా అని కొడుకు విసుక్కుంటే, కోడలే అడ్డుపడింది. పిల్లని చూసి ఆయన కంగారులో ఉన్నారు, ఏమీ అనకండి అంది. ఆ మాట ఆయనకి దెబ్బకన్నా గట్టిగా తగిలింది.

కొత్త ప్యాకెట్టు కొన్నారు. నాలుగో రోజుకి చిట్టి లేచి కూర్చుని నవ్వింది. వంటావిడ చేతి తిండి మానగానే తగ్గింది, ఇంకేం రుజువు కావాలి అన్నారు అందరూ.

వెళ్ళే రోజు ఆవిడ మెట్లు కడుగుతోంది. పొయ్యి దగ్గర్నుంచి తీసేసి ఆ పని ఇచ్చారు. కోడలు తల తిప్పుకుని దిగిపోయింది. వెనకాల వస్తున్న పెద్దాయన చేతిలో ఆవిడ నాలుగు అరటిపళ్ళు పెట్టింది.

"పాపకివ్వండి. తొక్క ఉంటుంది కదా, లోపల నా చెయ్యి తగల్లేదు."

ఆయన తీసుకున్నాడు. దీవించనూ లేదు, దణ్ణం పెట్టనూ లేదు. బస్సెక్కాడు.

ఇంటికొచ్చాక మనిషి తగ్గిపోయాడు. కంచంలో చెయ్యి పెట్టి కలుపుతూనే ఉండేవాడు. దేవుడి ముందు కూర్చున్నప్పుడల్లా, చెప్పుకోవడానికేమీ లేదు, అక్కడ అంతా ఎప్పుడో తెలిసిపోయింది, తెలియాల్సినవాళ్ళకే తెలియలేదు అనిపించేది. కోడలు మాత్రం సముద్రం గాలి పడలేదేమోనని కషాయాలు కాచిపెట్టేది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే అయిదు నెలలు గడిపేశాడు.

ఆరో నెలలో చిట్టిని పరీక్షకి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. కొడుకు డ్యూటీలో ఉన్నాడు. వరసలో పక్కన ఇంకో తల్లి, ఆమె ఒళ్ళో చిట్టిలాగే గోధుమ పడని పిల్లాడు. మాటల్లో ఆమె, మేమూ సముద్రానికి వెళ్దామనుకుంటున్నాం, ఎక్కడ దిగితే మంచిదంటారు అని అడిగింది. కోడలు మంచి మనసుతోనే చెప్పింది. ఫలానా లాడ్జికి మాత్రం వెళ్ళకండి, అక్కడి వంటావిడ చేతికి శుభ్రం లేదు, మా పాప చావు తప్పి బయటపడింది అంది. ఆ తల్లి ఫోన్ తీసి, మాలాంటి వాళ్ళం రెండు వందలమంది ఒక గ్రూపులో ఉన్నామండీ, అందరికీ పెడతాను అంటూ పేరు రాసుకుంటోంది.

పెద్దాయన ఒళ్ళో చిట్టి ఆయన చొక్కా గుండీ తిప్పుతోంది. ఆయన పిల్లని ఎత్తుకుని లేచి, అమ్మా, ఒక్కసారి బయటికి రా అన్నాడు.

వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి అంతా చెప్పాడు. బియ్యం కడిగిన దగ్గర్నుంచి డబ్బా బోర్లించినదాకా, ఒక్కటీ దాచలేదు. చెప్పడం అయ్యాక కోడలు చిట్టిని ఆయన చేతుల్లోంచి తీసుకుని తన ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పిల్ల తల నిమిరింది.

"ఒక్కమాట నన్నడిగి ఉంటే సరిపోయేది మావయ్యా. పిల్లకి తగ్గిపోయింది. ఆవిణ్ణి నేనన్న మాటలు ఎవరు వెనక్కి తెస్తారు?"

ఆమె పిల్లని ఎత్తుకుని లేచి లోపలికి వెళ్ళింది. అద్దం తలుపులోంచి, కోడలు ఆ తల్లి చెయ్యి పట్టుకుని ఏదో చెప్పడం, ఆ తల్లి తన ఫోన్‌లో రాసింది చెరిపెయ్యడం కనిపించాయి. తిరిగొచ్చి బల్ల మీద అటు చివర కూర్చుంది. ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత చోటుంది. చిట్టి దిగి వచ్చి ఆ చోట్లో కూర్చుంది.

పెద్దాయన పిల్ల మీదుగా కోడలి వైపు తిరిగాడు.

"అమ్మా, నన్ను క్షమించమని అడగను. ఒక్క సాయం చెయ్యి. ఆ లాడ్జికి ఫోన్ కలిపి ఆవిణ్ణి పిలిపించు. నేనే చెబుతాను. మధ్యలో నా నోరు పెగలకపోతే నువ్వు మాట అందుకోకు. నేను మళ్ళీ మొదలుపెట్టేదాకా ఆవిడ ఫోన్ పెట్టెయ్యకుండా ఆపు, అంతే."