చేపకి మెత్తగా ఉంటుందని కొన్న లైను

మా ఆవిడ మాధవి చేపలు పడుతుంది. నేను కేకులో గుడ్డుందా లేదా అని అడిగి మరీ తినే రకం. పెళ్లయి ఇన్నేళ్లయినా మా ఇంట్లో చేప ఉడకలేదు. నేను వద్దనలేదు, నరసాపురంలో పుట్టిన మనిషి తనంతట తానే మానేసింది. దాని గురించి మేమెప్పుడూ మాట్లాడుకోనూ లేదు. మూడేళ్ల క్రితం ఆఫీసులో ఎవరో నదికి తీసుకెళ్తే, తిరిగొచ్చి "నేనూ నేర్చుకుంటా" అంది. అప్పుడు నేను పెద్దమనిషి తరహాలో ఒక షరతు పెట్టాను. పట్టిన ప్రతి చేపనీ ప్రాణాలతో వదిలెయ్యాలి, ఒక్కటి చచ్చినా ఆ రోజుతో ఆ గాలం కర్ర అటకెక్కాలి. సరేనంది. అప్పటినుంచి వీలు చిక్కిన శనివారమల్లా అమెరికాలో మేముండే ఈ రెడ్‌మండ్ నుంచి ఒక్కతే వెళ్లొచ్చేది, నేను ఇంట్లో దోసెలు పోసుకుని కూర్చునేవాణ్ణి. ఈ జూన్‌లో ఒక శుక్రవారం, "ఒక్కసారి వచ్చి చూడు. నేనక్కడ ఏం చేస్తానో నీకూ తెలియాలి కదా" అంది. గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే వాదించేవాణ్ణి, లేదు కాబట్టి బయలుదేరాను.

ఆమె చేసే పద్ధతి కాస్త పాతకాలపుది. గాలం పైన బెండు కట్టి, నది ఏ వేగంతో పారుతోందో అదే వేగంతో బెండుని దిగువకి పోనివ్వడం, అంతే. దానికి వాడే సెంటర్‌పిన్ రీల్‌కి గేర్లుండవు, బ్రేకులుండవు. ఇరుసు మీద తిరిగే చక్రం, దాని మీద చుట్టిన లైను, అంటే గాలం దారం. మా వరంగల్‌లో పతంగులు ఎగరేసినవాళ్లకి చరఖా తెలుసు కదా, దాదాపు అదే. అక్కడ గాలి లాగుతుంది, ఇక్కడ నీరు లాగుతుంది. ఆపడానికి ఉన్నది బొటనవేలొక్కటే. అయితే ఆమె పాత లైను రాళ్లకి రాసుకుని గరుకెక్కింది, కొత్తది కొనాలి. "దార్లో మన్రోలో షాపుంది, నువ్వే సెలెక్ట్ చెయ్యి" అంది. నాకూ ఏదో ఒక పని ఉండాలని అలా అందని నాకు తెలుసు. అయినా నేను ఊరుకుంటానా? ఆ రాత్రే కూర్చుని లైన్ల గురించి దొరికిందల్లా చదివాను.

పొద్దున ఏడింటికి బయలుదేరాం. డువాల్ మీదుగా 203 రోడ్డు పట్టుకుంటే మన్రోకి ముప్పావు గంట. ఫ్రీవే మీదుగా వెళ్లే దారీ ఉంది కానీ ఈ రోడ్డుకి అటూ ఇటూ పచ్చిక, ఆవులు, పొగమంచు. ఆ టైంలో ట్రాఫిక్కూ ఉండదు. నేను డ్రైవ్ చేస్తూ నా పరిశోధన మొత్తం అప్పజెప్పాను. అల్లిక లైను మహా బలమైనది కానీ మరీ మెత్తన, ఇలాంటి చక్రం మీద ఒక చుట్టు ఇంకో చుట్టులోకి దిగబడి ఇరుక్కుంటుంది. ఫ్లోరోకార్బన్ రకం నీళ్లలో కనబడదు కానీ మునుగుతుంది. మునిగిన లైను బెండుని పక్కకి లాగేస్తుంది. కాబట్టి తేలే మామూలు నైలాన్ లైనే కావాలి. "ఇది చెప్పడానికి రాత్రంతా చదివావా? నన్నడిగితే కాఫీ తాగేలోపు చెప్పేదాన్ని" అని నవ్వింది మాధవి. ఎంత మందం కావాలో మాత్రం తను చెప్పలేదు, నేను అడగలేదు. ఆ విషయం నేను మనసులో ముందే తేల్చుకున్నాను.

మన్రోలో ఆమె షాపు పక్కనున్న కాఫీ కొట్టు దగ్గర నిలబడింది. నేను షాపులోకి వెళ్లాను. కౌంటర్ దగ్గర నెరిసిన జుట్టుని టోపీలోకి దోపుకున్న ఒకావిడ ఉంది. తేలే నైలాన్ కావాలని, అన్నిటికంటే సన్నంది చూపించమని అడిగాను. ఏ చేప కోసమని అడిగింది. తినడానికి కాదని, పట్టి వదిలేస్తామని, చేపకి మెత్తగా ఉండాలని వివరంగా చెప్పాను. సన్నటి దారమైతే దానికి బాధ తక్కువ, మరీ గింజుకుంటే తెంపుకుని హాయిగా పోతుంది. నా లెక్క అది, నాకు అందులో ఏ లోపమూ కనబడలేదు. "సన్నంది బెండుని బాగా నడిపిస్తుంది, నిజమే. కానీ పెద్ద చేప పడిందంటే..." అని ఆవిడ మొదలుపెట్టింది. "పెద్దవి మాకొద్దండీ" అన్నాను. ఆవిడ నా మొహం వంక ఓ క్షణం చూసి ఆరు పౌండ్ల బరువు ఆగే లైను చుట్ట, గాలం దగ్గరి చివరి రెండు మూరలకి నాలుగు పౌండ్లది ఇచ్చింది. రెండూ కలిపి పదిహేను డాలర్లు కాలేదు. కడుపు నిండినట్టనిపించింది.

అక్కడినుంచి హైవే 2 మీద సుల్తాన్ వైపు ఇంకో పావుగంట. నది పేరు స్కైకోమిష్. ఒడ్డున పార్క్ చెయ్యడానికి పాస్ కావాలి. మాధవి చేపలు పట్టే లైసెన్స్‌తో పాటే కారుకి పాస్ వచ్చింది, లేనివాళ్లకి రోజుకి పది డాలర్లు. మంచు కరిగి వచ్చే నీరు లేత ఆకుపచ్చగా ఉంది. మాధవి ఒక రాయి మీద కూర్చుని పాత లైను విప్పి, కొత్త చుట్ట మీది లేబుల్ చూసి ఆగిపోయింది.

"ఆరా? నేను వాడేది పది కదా శ్రీ."

"చేపకి మెత్తగా ఉంటదని."

ఆమె మొహమంతా నవ్వు పరుచుకుంది. "ఇక్కడ ఎక్కువగా చిన్న ట్రౌట్ చేపలే పడతాయిలే. సరే, ఇవాళ్టికి నీ లైనే" అంటూ చుట్టడం మొదలుపెట్టింది. లైను మరీ ఎక్కువ చుట్టకూడదట, చుట్టు మీద చుట్టు పడి కింది వరసల్లోకి దిగబడుతుందట. నది అవతలి గట్టుదాకా రెండుసార్లు సరిపడేంత చుట్టి ఆపేసింది. తడి వేళ్ల మధ్య నుంచి బిగించి లాగి దాని మెలికలు పోగొట్టింది. ఆ పని చేస్తున్నప్పుడు ఆమె మొహంలో ఉన్న నిదానం నేను మా ఇంట్లో చూసి చాలా కాలమైంది.

తర్వాతి రెండు గంటలు నిజంగా బాగున్నాయి. ఎర్ర బెండు నీళ్ల మీద నిటారుగా నిలబడి నడుచుకుంటూ పోతుంది, చక్రం చప్పుడు లేకుండా తిరుగుతుంది, ఆమె మధ్యమధ్య కర్ర ఎత్తి లైనుని నీటి మీంచి తప్పిస్తుంది. జానెడు ట్రౌట్‌లు మూడు పడ్డాయి. గాలానికి వెనక్కి తిరిగిన ముల్లుండదు కాబట్టి నీళ్లలోనే వేలితో తీసి వదిలేసింది. "చూశారా సార్, మీ కండిషన్" అని వెక్కిరించింది. నా లైను గురించి నాకు గర్వంగానే ఉంది.

నాలుగోసారి బెండు మునగలేదు, మాయమైంది. ఆ వెంటనే కర్ర విల్లులా వంగి, చక్రం కూతపెట్టింది. దిగువన నీళ్లు పగిలి, చెయ్యంత పొడవున్న వెండి చేప గాల్లోకి లేచి పడింది. స్టీల్‌హెడ్, సముద్రం దాకా పోయి మళ్లీ నదికి తిరిగొచ్చే ట్రౌట్. మాధవి ఇన్నాళ్లలో రెండే పట్టింది.

నాకు తెలిసిందల్లా పతంగుల విద్య, అవతల లాగితే ఇవతల దారం వదలడం. "ఢీల్ ఇయ్యి! తెగుతది, ఢీల్ ఇయ్యి!" అని అరిచాను.

"ఇస్తూ పోతే దూరం పోతుంది శ్రీ. ఎంతసేపు లాగితే దానికంత నీరసం."

"తెగితే తెగనీ మరి! పోనీ దాన్ని!"

"ఎలా పోతుంది? గాలం నోట్లో పెట్టుకుని, బెండూ లైనూ ఈడ్చుకుంటూనా? ఏ కొమ్మకో చుట్టుకుందంటే అక్కడే ఉండిపోతుంది." ఆమె కళ్లు లైను మీద నుంచి తిప్పలేదు. "గట్టిగా ఆపుదామంటే ఈ లైను ఆగదు. నా లైనైతే ఈపాటికి చేప వచ్చి, వెళ్లిపోయేది కూడా."

అప్పుడర్థమైంది నాకు. షాపులో ఆవిడ నోట్లో ఆగిపోయిన మాట ఇదే. మాధవి దగ్గరికి లాగేది, చేప మళ్లీ పరిగెత్తేది. రెండు వాయిల ఇడ్లీ దిగేంతసేపు సాగింది ఆ పోరు. చేప పరుగులు చిన్నవయ్యాయి, తర్వాత ఆగిపోయాయి. చివరికి ఒడ్డు దగ్గరి లోతు తక్కువ నీళ్లలోకి వచ్చి పక్కకి ఒరిగి, తెల్లటి పొట్ట పైకి తిప్పింది. చేప చచ్చిపోతోంది. దాంతో పాటు మాధవి శనివారాలు కూడా పోతాయి, నేను పెట్టిన షరతు మీద, నేను కొన్న లైను వల్ల.

"నా కుడి చెయ్యి పట్టు తప్పింది. నువ్వు పట్టుకో" అంది.

"నేనా?"

"ముందు చేతులు తడుపుకో. పొడి చెయ్యి తగిలితే దాని జిగురు ఊడిపోతుంది. పైకెత్తకు, నీళ్లలోనే ఉండాలి."

బూట్లతోనే మోకాలి లోతు దిగాను. పుట్టి బుద్ధెరిగాక చేపని ముట్టుకున్నది లేదు. ఒక చెయ్యి తోక మొదట్లో, ఇంకో చెయ్యి పొట్ట కింద పెట్టాను. చల్లగా, బరువుగా, ఏ కదలికా లేకుండా ఉంది. వీపు చివరి చిన్న రెక్క కత్తిరించకుండా ఉందని చూపించింది మాధవి. పెంపకం చేపలకి ఆ రెక్క కత్తిరించి వదులుతారట, అంటే ఇది నదిలో పుట్టింది. ఆమె ఎడమ చేత్తో గాలం తీసి, తల ఎగువకి తిప్పి పట్టుకోమంది. "నీళ్లు దాని నోట్లోంచి పోవాలి. ముందుకీ వెనక్కీ ఊపకు. నది చేస్తుంది ఆ పని, నువ్వు ఊరికే పట్టుకో."

పట్టుకున్నాను. మంచు నీళ్లలో వేళ్లు నావేనని తెలియకుండా పోయింది. దేవుడి పేర్లు ఎన్ని గుర్తొస్తే అన్నీ తలుచుకున్నాను. మొదట దవడ ఒక్కసారి తెరుచుకుంది. చాలాసేపటికి ఇంకోసారి. తర్వాత నా అరచేతిలో దాని వెన్ను బిగుసుకోవడం తెలిసింది, చేప తనంతట తాను పొట్ట కిందికి తిప్పుకుని నిలబడింది. "ఇంకా వదలకు. అదే వెళ్తుంది" అంది మాధవి. అది అలాగే నిలబడి, నిలబడి, ఒక్కసారి తోక విదిల్చి నా కళ్లజోడంతా తడిపేసి ఆకుపచ్చ నీళ్లలోకి వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది. పక్కకి చూస్తే ఆమె కూడా ఏడుస్తోంది.

రాయి మీద కూర్చున్నాక చెప్పాను, "ఆ షరతు తీసేస్తున్న మాధవీ. నాకేం తెలుసని పెట్టిన?"

"వద్దు, ఉండనీ. అది ఉంది కాబట్టే పది పౌండ్ల లైను వాడతా, ఎండ ముదిరి నీళ్లు వేడెక్కితే చేప తట్టుకోలేదని సర్దేసి వచ్చేస్తా." లైను చక్రం మీదికి చుట్టుకుంటూ అంది, "కాకపోతే ఇన్నాళ్లూ అది నా ఒక్కదాని మీదే ఉంది."

పులిహోర డబ్బా తెరిచింది. నదిలో చేతులు రెండుసార్లు కడిగాను, ఇసకతో రుద్దాను. వాసన పోలేదు. బ్యాగులోంచి స్పూను తీసి నాకు అందించింది. నేను తీసుకోలేదు. అదే చేత్తో కలుపుకుని తిన్నాను. ఆమె చూసి, డబ్బాలోంచి ఇంకొంచెం నా వైపు తోసింది.

తిరుగుదారిలో మళ్లీ మన్రోలో ఆగాం. పది పౌండ్ల నైలాన్, చివరికి ఎనిమిది పౌండ్లది కావాలంటే ఆ షాపావిడ ఎలా జరిగిందని అడిగింది. బతికిందని చెప్పాను. "మంచిది" అని చుట్టలు సంచిలో వేసింది. ఏదో ఒకటి వద్దని దూరంగా కూర్చోవడాన్ని ఇన్నేళ్లూ నేను దయ అనుకున్నాను. ఆ నదికి నా బదులు వెళ్లి, నా మాట నిలబెట్టి ఇంటికొస్తున్నది మాధవి అని నాకు తట్టలేదు. దయ చూపించాలంటే ముందు దేన్ని పట్టుకున్నామో తెలియాలి, చేతులు తడుపుకోవాలి. ఇప్పుడు శనివారాలు ఇద్దరం వెళ్తున్నాం. చేప వదిలే పని నాది.

మీరూ ఇలా పట్టి వదిలెయ్యడానికే వెళ్తుంటే ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ నదిలో మామూలుగా పడే చేపని బట్టి కాదు, పడగల అన్నిటికంటే పెద్ద చేపని బట్టి లైను కొనండి. తేలే నైలానే తీసుకోండి, గాలం దగ్గరి ముక్క మాత్రం ఒక మెట్టు సన్నగా ఉంచండి. రాయికి తగులుకుంటే అక్కడే తెగి, మిగతాది మీ దగ్గరే ఉంటుంది.